వెదురు పుల్లలతో ఆకాశాన్ని కొలిచిన పఠాణి సామంత

ఉగాదికి ముందు, కార్తీకమాసంలో, ఏకాదశులప్పుడు మా తెలుగు సంఘానికి వచ్చే ఫోన్లలో సగం ఒకే ప్రశ్నతో వస్తాయి. పండుగ ఇవాళా, రేపా? మన ఇంట్లో పంచాంగం ఒకటి చెబుతుంది, పక్కింటివారి పంచాంగం ఇంకొకటి చెబుతుంది. కొన్ని పంచాంగాలను పూర్వ సిద్ధాంతం ప్రకారం గణిస్తారు, కొన్నింటిని దృక్ సిద్ధాంతం ప్రకారం గణిస్తారు. తిథి ఎప్పుడు మారుతుందన్న దగ్గర ఈ రెంటికీ ఒక్కోసారి గంటల తేడా వస్తుంది. ఏదో ఒక తేదీ ఖాయం చేసి అందరినీ ఒప్పించడం కార్యదర్శికి ఏటా ఒక పరీక్షే.

ఈ తేడా ఎక్కడినుంచి వస్తుంది, దాన్ని సరిచేయడం ఎలా అన్న ప్రశ్న మీదే ఒక మనిషి జీవితమంతా గడిపారు. ఆయన మనం ఉంటున్న ఈ ఒడిశా గడ్డ మీదే పుట్టారు. ఆయన చేతిలో దుర్భిణి లేదు, ఇంగ్లీషు చదువు లేదు. వెదురు పుల్లలు, కొయ్య ముక్కలు, తాటాకులు, గంటం, రెండు కళ్ళు, ఇవే ఆయన సరంజామా. ఆయన పేరు సామంత చంద్రశేఖర సింహ హరిచందన మహాపాత్ర. జనం నోట పఠాణి సామంత.

భువనేశ్వర్‌లో ఆయన పేరు మీద ఉన్న ప్లానెటేరియానికి మన పిల్లలను తీసుకెళ్ళి ఉంటాం. పూరీలో ఆయన పేరు పెట్టుకున్న కాలేజీ ముందు నుంచి ఎన్నోసార్లు వెళ్ళి ఉంటాం. ఆయన ఏం చేశారని పిల్లలు అడిగితే మాత్రం మనలో చాలామంది గొప్ప జ్యోతిష్కుడు అని చెప్పి ఊరుకుంటాం. అది చాలదు.

పఠాణి అనే పేరు

1835 డిసెంబర్ 13న ఖండపడా సంస్థానంలో, రాజవంశానికి చెందిన కుటుంబంలో ఆయన పుట్టారు. ఖండపడా ఇప్పుడు నయాగఢ్ జిల్లాలో ఉంది. తండ్రి సామంత శ్యామబంధు సింహ, తల్లి విష్ణుమాలి దేవి. అంతకుముందు పుట్టిన పిల్లలు దక్కకపోవడంతో, ఈ బిడ్డ అయినా నిలవాలని అప్పటి ఆచారం ప్రకారం ఒక ముస్లిం ఫకీరుకు ఇచ్చినట్టుగా ఇచ్చి, తిరిగి తెచ్చుకున్నారు. అలా ముద్దుపేరు పఠాణి అయింది.

ఇది విని మన తెలుగువారు ఆశ్చర్యపోనక్కరలేదు. పిల్లలు దక్కని ఇళ్ళలో పుల్లయ్య, పెంటయ్య అని పేర్లు పెట్టడం, దర్గాకు మొక్కుకుని మస్తాను, సైదులు అని పిలుచుకోవడం మన ఊళ్ళలోనూ ఉన్నదే. ఆ తల్లిదండ్రుల భయం ఎలాంటిదో మన ముత్తవ్వలకు బాగా తెలుసు.

పఠాణి చదువు సంస్కృతంతో సాగింది. పదేళ్ళ వయసులో ఒక పినతండ్రి కొంచెం జ్యోతిషం నేర్పి, రాత్రిపూట కొన్ని నక్షత్రాలను చూపించారు. జాతకం వేయాలంటే ఏ గ్రహం ఎక్కడ ఉందో లెక్క కట్టాలి. ఆ లెక్క నేర్పే గురువు దగ్గరలో లేరు. ఇంట్లో ఉన్న తాళపత్ర గ్రంథాలే గురువులయ్యాయి. సూర్య సిద్ధాంతం, భాస్కరాచార్యుల లీలావతి, బీజగణితం, సిద్ధాంత శిరోమణి వంటివి ముందేసుకుని వ్యాఖ్యానాల సాయంతో తనంతట తానే నేర్చుకున్నారు.

లెక్కకూ ఆకాశానికీ పొంతన లేదు

పదిహేనేళ్ళ వయసు వచ్చేసరికి ఆయనకు ఒక చిక్కు ఎదురైంది. పుస్తకం ప్రకారం లెక్క కడితే గ్రహం ఒకచోట ఉండాలి. తలెత్తి చూస్తే ఇంకోచోట ఉంది. ఒక గ్రంథాన్ని వదిలి ఇంకో గ్రంథం పట్టుకున్నా అదే పరిస్థితి. గ్రహాలే కాదు, నక్షత్రాల స్థానాలూ కుదరలేదు.

ఇక్కడ చాలామంది రెండు దారుల్లో ఒకటి పడతారు. పెద్దలు రాసింది తప్పు కాదు, నా చూపే తప్పని ఊరుకోవడం ఒకటి. పాత పుస్తకాలన్నీ దండగని పక్కన పడేయడం రెండోది. ఈ కుర్రవాడు రెండూ చేయలేదు. నేను ఉద్యోగమంతా గుమాస్తాగా చేసినవాణ్ణి. చిట్టాలో ఉన్న నిల్వకూ పెట్టెలో ఉన్న నగదుకూ తేడా వస్తే చిట్టా చింపేయం, పెట్టెలో డబ్బు తప్పని కూడా అనం. ఎక్కడ జారిందో వెనక్కి వెళ్ళి ఒక్కొక్క పద్దూ చూస్తాం. పఠాణి సామంత చేసిందీ అదే. కాకపోతే ఆయన చిట్టా వెయ్యేళ్ళ నాటిది, పెట్టె ఆకాశం.

ఆ తేడా ఎంతటిదో ఒక్క శని గ్రహాన్ని తీసుకుంటే తెలుస్తుంది. సూర్య సిద్ధాంతం లెక్కలో శని ఒక చుట్టు తిరగడానికి 10,765.77 రోజులు పడుతుంది. ఇప్పటి లెక్క 10,759.22 రోజులు. దాదాపు ముప్ఫై ఏళ్ళకు ఒక చుట్టు. చుట్టుకు ఆరున్నర రోజుల తేడా అంటే చూడ్డానికి చిన్నదే. కానీ నడుమ సవరణలు చేసుకోకపోతే వెయ్యేళ్ళకు అది సుమారు 7 డిగ్రీలకు పెరుగుతుంది. 14 నిండు చందమామలను పక్కపక్కన పేర్చినంత దూరం. అంత తేడా కనిపెట్టడానికి దుర్భిణి అక్కరలేదు. ఓపికగా కొలిచే మనిషి చాలు.

ఆయన తయారు చేసుకున్న పరికరాలు

కొలవడానికి పనిముట్లు కావాలి. కొనడానికి ఖండపడాలో దొరకవు. పాత గ్రంథాల్లో ఉన్న వర్ణనలు చదివి, తన అవసరానికి తగ్గట్టు మార్చుకుని, ఆయనే చేసుకున్నారు. ఎండలో నీడ కొలిచే శంకువు, ఘటికలు లెక్కపెట్టే నీటి గడియారం, వెదురు బద్దలతో కట్టిన గోళ యంత్రం, చాప యంత్రం, పాదరసం, నీరు వాడి తనంతట తాను తిరిగేలా చేసిన స్వయంవహ యంత్రం, ఇలా ఎన్నో ఉన్నాయి.

వాటన్నిటిలో పేరుపొందింది మాన యంత్రం. చూడ్డానికి అది ఇంగ్లీషు టి అక్షరంలా ఉండే రెండు పుల్లలు, అంతే. నిలువు పుల్ల పొడవు 24 అంగుళ్ళు. ఇక్కడ అంగుళి అంటే వేలి వెడల్పు, కాబట్టి మొత్తం సుమారు అడుగున్నర. దాని చివర అడ్డంగా ఇంకో పుల్ల. ఆ అడ్డపుల్ల మీద లెక్క ప్రకారం గాట్లు, చిన్న రంధ్రాలు. నిలువు పుల్ల కొనను కంటి దగ్గర పెట్టుకుని, అడ్డపుల్ల మీద ఏ రంధ్రంలో నుంచి నక్షత్రం కనిపిస్తుందో చూస్తే, అది ఎన్ని డిగ్రీల దూరంలో ఉందో తెలిసిపోతుంది. దీనితోనే రెండు నక్షత్రాల మధ్య దూరం, గ్రహం ఎత్తు, పగటిపూట కొండల ఎత్తు, దూరం కూడా కొలిచేవారు.

పరికరం చిన్నదైనా పని చిన్నది కాదు. ఇరవైమూడో ఏట నుంచి పరిశీలనలను క్రమంగా రాసి పెట్టుకోవడం మొదలుపెట్టారు. చలిలో, మంచులో, మబ్బు విడిచిన ప్రతి రాత్రీ అదే పని. రాజవంశంలో పుట్టారన్న మాటేగాని చేతిలో సంపద లేదు, ఆరోగ్యం కూడా అంతంతమాత్రం. ఈ పని చేయమని ఆయనకు ఎవరూ జీతం ఇవ్వలేదు. ఇప్పటి మాటలో చెప్పాలంటే అది ఆయన హాబీ. కానీ ఆ హాబీని ఆయన ఒక వ్రతంలా పట్టారు.

చంద్రుడి నడకలో మూడు తేడాలు

చంద్రుడు రోజూ ఒకే వేగంతో నడవడని మన పూర్వులకు బాగా తెలుసు. దానికి వారు వేసిన సవరణ ఒకటుంది. అది వేసినా ఇంకా తేడా మిగులుతోందని సామంత గమనించారు. ఏళ్ళ తరబడి కొలిచి, మిగిలిన తేడాను మూడు భాగాలుగా విడదీసి, వాటికి తుంగాంతరం, పాక్షికం, దిగంశం అని పేర్లు పెట్టారు. ఈ మూడూ ఐరోపా వారికి అంతకుముందే తెలుసు. మొదటిది ప్రాచీన గ్రీకుల కాలం నుంచి, మిగిలిన రెండూ టైకో బ్రాహి, కెప్లర్ల కాలం నుంచి. ఆ సంగతి ఖండపడాలో కూర్చున్న ఈయనకు తెలిసే దారి లేదు. ఎవరూ చెప్పకుండా, తన పుల్లలతో తానే కనుక్కున్నారు.

వీటిలో పాక్షికం కథ ఆసక్తిగా ఉంటుంది. అమావాస్య, పున్నమి, రెండు అష్టముల దగ్గర ఈ తేడా సున్నాకు వస్తుంది. నడిమి రోజుల్లో పెరుగుతుంది. గ్రహణాలు వచ్చేది అమావాస్యకూ పున్నమికే కాబట్టి, గ్రహణాలతోనే లెక్క సరిచూసుకునే వారికి ఇది చిక్కదు. చవితి, ద్వాదశి వంటి తిథుల నాడు కూడా చంద్రుణ్ణి విడవకుండా కొలిచినవారికే దొరుకుతుంది. సామంత దాని హెచ్చు విలువను సుమారు 38 కళలుగా తేల్చారు. ఇప్పటి విలువ 39 కళలు, పైన మరో అర కళ. డిగ్రీలో అరవయ్యో వంతు ఒక కళ. నిండు చంద్రుడి వెడల్పే సుమారు 31 కళలు ఉంటుంది.

ఏకాదశి ఉపవాసం చేసేవారికి దీనితో పనేమిటంటే, ఉంది. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల ఎడం. ఆ ఎడం గంటకు దాదాపు అర డిగ్రీ, అంటే 30 కళలు చొప్పున పెరుగుతుంది. 38 కళల పొరపాటు ఉంటే తిథి మారే వేళ గంటంపావు అటూ ఇటూ అవుతుంది. సూర్యోదయానికి ఏ తిథి ఉందన్న దాని మీద పండుగ ఆధారపడి ఉంటే, ఆ గంటంపావుతో పండుగ రోజే మారిపోవచ్చు. మన ఫోన్ల గొడవకు మూలం ఇలాంటి తేడాలే.

సిద్ధాంత దర్పణం

ఇరవయ్యారేళ్ళ వయసులో తన పరిశీలనలను గ్రంథంగా రాయడం మొదలుపెట్టారు. 1869 నాటికి సిద్ధాంత దర్పణం పూర్తయింది. భాష సంస్కృతం, లిపి ఒడియా, రాసింది తాటాకుల మీద. 24 ప్రకాశాలు, 2,500 శ్లోకాలు. వాటిలో 2,284 ఆయన సొంతం, మిగతా 216 పూర్వ గ్రంథాల నుంచి తీసుకున్నవి. ఎవరి సొమ్ము ఎంతో అంత స్పష్టంగా ఉంది.

ఆయన తేల్చిన అంకెలు ఎంత దగ్గరగా వచ్చాయో చూడండి. శని చుట్టుకు ఆయన ఇచ్చిన లెక్క 10,759.76 రోజులు. ఆరున్నర రోజుల తేడా అర రోజుకు తగ్గింది. కుజుడికి ఆయన చెప్పింది 686.9857 రోజులు, ఇప్పటి లెక్క 686.9794. శుక్రుడికి 224.7023 రోజులు, ఇప్పటిది 224.7007. వేలి వెడల్పులతో కొలిచే పుల్లతో ఇంత సూక్ష్మం ఎలా సాధ్యమని అనుమానం రావచ్చు. పాత గ్రంథాల లెక్క కొన్ని వందల ఏళ్ళలో ఎంత జారిందో కొలిచి, ఆ జారుడును అన్ని ఏళ్ళకూ పంచితే, చుట్టుకు ఎంత తప్పో చాలా చిన్న భిన్నం దాకా తేలుతుంది. పూర్వుల లెక్క ఉండబట్టే ఈయన సవరణ సాధ్యమైంది. పాత చిట్టా పారేయకపోవడం వల్ల కలిగిన లాభం అదే.

గ్రంథం ముగిశాక కూడా ఆయన చేర్పులు చేస్తూనే వచ్చారు. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా దాటిన సంగతి అందులో ఉంది. శుక్రబింబం సూర్యబింబంలో 32వ వంతుగా కనిపించిందని ఆయన రాశారు. ఇప్పటి లెక్క ప్రకారం ఆ రోజు అది దాదాపు 31వ వంతు.

అదే ఉదయం మన విశాఖపట్నంలో అంకితం వెంకట నర్సింగరావు గారు దుర్భిణితో అదే దృశ్యాన్ని పరిశీలించారు. ఆయనదీ సొంత ఆసక్తే. మామగారు గోడే వెంకట జగ్గారావు గారు స్థాపించిన వేధశాలను నడుపుతూ, లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి తన పరిశీలనలు పంపేవారు. మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి ఆ శుక్రగమనం గురించి ముందే జనానికి పుస్తకం రాసి చెప్పారు. దృగ్గణిత పంచాంగం కోసం కూడా ఆయన పాటుపడ్డారు. ఇద్దరికీ ఇంగ్లీషు వచ్చు, దుర్భిణులు ఉన్నాయి, ఉత్తరాలు వెళ్ళే దారి ఉంది. ఖండపడాలో ఉన్నవారికి ఇవేవీ లేవు. ఆకాశం మాత్రం ముగ్గురికీ ఒకటే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. సామంత చెప్పినవన్నీ సరైనవి కావు. గ్రహాలు సూర్యుడి చుట్టూ తిరుగుతాయని ఆయన తనంతట తాను గ్రహించారు. కానీ ఆ సూర్యుడు గ్రహాలను వెంటబెట్టుకుని భూమి చుట్టూ తిరుగుతాడని నమ్మారు. మూడు వందల ఏళ్ళ ముందు డెన్మార్క్‌లో టైకో బ్రాహి చెప్పిందీ ఇదే. ఆయనకు రాజు ఇచ్చిన ద్వీపం, భారీ పరికరాలు, సహాయకులు ఉన్నారు. ఈయనకు వెదురు బద్దలున్నాయి. కంటికి కనిపించేదాన్ని లెక్క కట్టడంలో ఇద్దరూ దిట్టలే. భూమి కదులుతుందని మాత్రం ఇద్దరూ ఒప్పుకోలేదు.

లోకానికి చూపినవారు

గ్రంథం పూర్తయి ముప్ఫై ఏళ్ళు తాటాకుల్లోనే ఉండిపోయింది. చుట్టుపక్కల పండితులకు ఆయన పేరు తెలుసు. పూరీ జగన్నాథ ఆలయంలో సేవల వేళలకు, పండుగలకు ఆయన గణితం ఆధారమైంది. 1893లో ప్రభుత్వం మహామహోపాధ్యాయ బిరుదు ఇచ్చింది. కానీ ఒడిశా దాటి ఆయన పని ఏమిటో తెలిసినవారు లేరు.

కటక్ రావెన్షా కాలేజీలో సైన్సు చెప్పే జోగేశ్ చంద్ర రాయ్ ఆ లోటు తీర్చారు. ఆయన ఒడియా వారు కాదు, ఉద్యోగం కోసం బెంగాల్ నుంచి వచ్చినవారు. సామంతను కలిసి, లెక్కలు పరీక్షించి, అవి ఎంతటివో గ్రహించారు. ఇంగ్లీషులో పెద్ద పీఠిక రాసి, 1899లో కలకత్తాలో సిద్ధాంత దర్పణాన్ని అచ్చు వేయించారు. ఖర్చుకు అఠమల్లిక్, మయూర్‌భంజ్ రాజులు సాయపడ్డారు. అదే ఏడాది ఇంగ్లండులోని నేచర్ పత్రిక ఆ పుస్తకాన్ని సమీక్షిస్తూ సామంతను టైకో బ్రాహితో పోల్చింది. అప్పటికి ఆయన వయసు అరవై దాటింది.

అయిదేళ్ళకు, 1904 జూన్ 11న పూరీలో ఆయన కన్నుమూశారు. తన చివరి రోజు ఎప్పుడో ముందే లెక్క కట్టుకుని జగన్నాథుడి సన్నిధికి చేరారని జనం చెప్పుకుంటారు. అది జనం మాట. ఆయన చేతి రాతలో మిగిలిన లెక్కలు అంతకంటే గట్టి సాక్ష్యం.

నాకు ఈ కథలో జోగేశ్ చంద్ర రాయ్ కూడా అంతే ముఖ్యంగా కనిపిస్తారు. పొట్ట చేతపట్టుకుని వేరే ప్రాంతం వచ్చిన మనిషి, వచ్చినచోటి గొప్పవాణ్ణి గుర్తించి లోకానికి చూపారు. బరంపురంలో, రాయగడలో, ఖుర్దా రోడ్ రైల్వే కాలనీల్లో తరాలుగా ఉంటున్న మనం మన భాష నిలవాలని సంఘాలు పెట్టుకున్నాం, పెట్టుకోవాలి కూడా. దాంతోపాటు మనకు నీడనిచ్చిన నేల మీద పుట్టిన పెద్దల సంగతి మన పిల్లలకు మన తెలుగులో చెప్పడమూ మన పనే. కర్ణాటకలో, తమిళనాడులో, మహారాష్ట్రలో ఉన్న మనవారికీ ఇదే మాట వర్తిస్తుంది.

పిల్లలతో చేయించదగిన చిన్న పని

ఆయన జయంతి డిసెంబర్ 13. ఆకాశం తేటగా ఉండే రోజులు. ఖరీదైన టెలిస్కోపు లేకున్నా ఆ సాయంత్రం పిల్లలతో మాన యంత్రం చేయించవచ్చు. 60 సెంటీమీటర్ల పొడవున్న తిన్నని వెదురు బద్ద ఒకటి తీసుకుని, దాని చివర ఇంకో బద్దను నిటారుగా, సరిగ్గా లంబంగా బిగించండి. రెండూ కలిసిన చోటి నుంచి పైకి 5.2 సెంటీమీటర్ల దగ్గర గాటు పెడితే అది 5 డిగ్రీలు. 10.6 దగ్గర 10 డిగ్రీలు, 16.1 దగ్గర 15 డిగ్రీలు, 21.8 దగ్గర 20 డిగ్రీలు. నిలబెట్టిన బద్ద పక్కనే దారానికి చిన్న రాయి కట్టి వేలాడదీయండి. దారం బద్ద వెంబడే తిన్నగా ఉంటే, కంటి దగ్గర పట్టుకున్న పొడవు బద్ద సమంగా ఉన్నట్టు లెక్క.

చీకటి పడ్డాక ఉత్తరం వైపు తిరిగి ధ్రువ నక్షత్రాన్ని చూడండి. అది ఏ గాటు దగ్గర కనిపిస్తుందో అదే సుమారుగా మీ ఊరి అక్షాంశం. బరంపురంలో 19 డిగ్రీలు, పూరీలో 20, ముంబైలో 19, యానాంలో 17, చెన్నై, బెంగళూరుల్లో 13 దగ్గర రావాలి. ఒక డిగ్రీ అటూ ఇటూ వచ్చినా ఫరవాలేదు. దీనితో గానీ, ఉత్త కంటితో గానీ సూర్యుణ్ణి చూడవద్దని మాత్రం పిల్లలకు గట్టిగా చెప్పండి.

పుస్తకంలో చదివిన అంకె పుల్ల మీద కనబడ్డప్పుడు పిల్లల ముఖంలో వచ్చే వెలుగు చూసి తీరాలి. సరిపోకపోతే మరీ మంచిది. పుల్ల వంకరగా ఉందా, చెయ్యి కదిలిందా, లెక్క తప్పా అని వాళ్ళే వెతుక్కుంటారు. పఠాణి సామంత పదిహేనేళ్ళ వయసులో మొదలుపెట్టిన పని కూడా అదే.